ఎనిమిది పెరళ్ల వర్లిన్ టకెట్

పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చి కాస్త పంచదార ఉందా అని అడుగుతారు. నిచ్చెన ఉందా అని అడుగుతారు. బాగా చనువున్నవాళ్లయితే కారు అడుగుతారు. నెటిల్ ఫోర్క్ ఊళ్లో వర్లిన్ టకెట్ మాత్రం పురుగులున్నాయా అని అడుగుతాడు.

డెబ్బై ఒకటో ఏట కూడా ఆయన వారానికి ఆరు రోజులు చంకలో నల్ల గొడుగు, జేబుల నిండా చిల్లుల మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు పెట్టుకుని ఊళ్లో తిరుగుతాడు. పురుగులు దొరికితే టోపీ తీసి మరీ కృతజ్ఞత చెబుతాడు. లేవంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెడతాడు. "వాళ్ల పెరట్లో మంచి పురుగులున్నాయండీ" అన్నాడంటే, ఆయన ఒక మనిషికి ఇవ్వగలిగిన గౌరవం అంతకు మించి లేదు. పాస్టరు గారి గురించి ఒకసారి, "మనిషి మంచివాడే, పెరడే బొత్తిగా ఖాళీ" అన్నాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనిది కొత్తగా వచ్చిన రోవెనా ప్లెచర్ ఒక్కదానికే.

రోవెనా డేటన్ నగరంలో ఒక బీమా కంపెనీలో ముప్ఫై ఏళ్లు పనిచేసింది. జనం పెట్టే దొంగ క్లెయిములు పట్టుకోవడం ఆవిడ పని. వంటింట్లో మంటలు లేచాయని ఎవరైనా కాగితం పెడితే, ఫొటోలోని నల్లటి గోడను రెండు నిమిషాలు చూసి, అది మంట మసి కాదు, కొవ్వొత్తి మసి అని తేల్చేసేది. అలాంటి మనిషి, రిటైరయ్యాక ఉందామని భర్త గ్లెన్‌తో కలిసి ఒహాయో కొండల్లోని ఈ చిన్న ఊళ్లో ఇల్లు కొనుక్కుంది. కొన్న ఏడాది చలికాలంలోనే గ్లెన్ పోయాడు. ఏప్రిల్‌లో ఆవిడ ఒక్కతే సామాను వేసుకుని వచ్చింది. అట్టపెట్టెల్లో సగం విప్పలేదు. కిటికీ తెరలు తీయలేదు. సోమవారం పొద్దున సరుకుల కోసం పక్క ఊరికి వెళ్లి రావడం, మిగతా ఆరు రోజులూ ఇంట్లో ఉండడం. ఎవరైనా బాగున్నారా అని పలకరిస్తే, బాగున్నానండీ అనేసి తలుపేసుకునేది.

అలా మూడు వారాలు గడిచాక ఒక మంగళవారం, ఆకాశంలో మబ్బు తునకైనా లేని పూట, ఆవిడ తెర సందులోంచి చూసేసరికి పొడుగాటి ముసలాయన ఒకడు కంచె పక్కనున్న లైలాక్ పొద కింద గొడుగు తెరిచి, తిరగేసి పట్టుకుని, రెండో చేతిలోని కర్రతో పొదను కొడుతున్నాడు. రోవెనా కాసేపు చూసింది. ఎంతసేపు చూసినా అర్థం కాకపోవడంతో తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"ఏమండీ, మీ గొడుగు తిరగబడింది," అంది, ఇంకేమనాలో తోచక.

"తిరగేసే పట్టుకోవాలమ్మా. తిన్నగా పట్టుకుంటే రాలినవి జారిపోతాయి," అన్నాడు ఆయన. "నా పేరు వర్లిన్ టకెట్. మీ పెరట్లో పురుగులున్నాయా?"

పురుగుల మందు కొట్టే మనిషి కాబోలనుకుని రోవెనా కాస్త గర్వంగానే జవాబిచ్చింది. "మాకు అవసరం లేదండీ. ఈ ఇల్లు అమ్మినాయన నెలనెలా మందు కొట్టించేవాడు. ఇక్కడ ఒక్క చీమ కూడా లేదు."

వర్లిన్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"అయ్యో తల్లీ," అన్నాడు. "మరి మీరు ఒక్కరూ ఎలా ఉంటున్నారు?"

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆవిడను ఎవరూ అడగని ప్రశ్న అది. బాగున్నానని చెప్పడానికి వీల్లేదు, ఆయన బాగున్నారా అని అడగలేదు. తలుపేసుకుందామంటే అందుకు ముందు అనాల్సిన మాట దొరకలేదు. చివరికి, ఎందుకన్నదో ఆవిడకే తెలియదు, కాఫీ తాగుతారా అంది. ఆయన తాగాడు. తాగినంతసేపూ పెరటి వంక దిగులుగా చూసి, వచ్చే మంగళవారం మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఏ పని మీద వస్తాడో మాత్రం చెప్పలేదు.

మర్నాడు రోవెనా పోస్టాఫీసుకి వెళ్లి, కౌంటరు వెనకున్నావిడను, ఈ ఊళ్లో ఎండలో గొడుగు తిరగేసి పట్టుకుని తిరిగే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన బుర్ర సరిగ్గానే ఉందా అని అడిగింది.

ఆవిడ ముద్ర కొట్టడం ఆపింది. "ఆ సంగతి నేను అరవై ఏళ్లుగా ఆలోచిస్తున్నానండీ. ఆయన మా అన్నయ్యే."

ఆవిడ పేరు ఆర్డిత్. ఆవిడ చెప్పినదాన్ని బట్టి, వర్లిన్ ముప్ఫై ఒక్కేళ్లు కౌంటీ రోడ్ల పక్కన గడ్డి కోసే ట్రాక్టరు నడిపాడు. పొద్దస్తమానం దాని మీద కూర్చుని ఎదురొచ్చిన ప్రతి కారుకీ చెయ్యి ఊపేవాడు. ఆ మోతలో ఎవరితోనూ మాట్లాడే పని ఉండేది కాదు గనక ఆయనకి హాయిగా ఉండేది. రిటైరైన ఏడాది, పాత ట్రాక్టర్లు అమ్ముతున్నారని విని సంత మైదానానికి వెళ్లాడు. ఆ అమ్మకం అంతకు ముందు వారమే అయిపోయింది. ఆ రోజు అక్కడ జరుగుతున్నది బల్లులూ పాములూ పెంచేవాళ్ల ప్రదర్శన. వెనక్కి తిరిగి వచ్చేవాడే గాని, మొదటి బల్ల దగ్గరున్న అమ్మాయి నవ్వుతూ పలకరించింది. ఎదుటిమనిషి పలకరించాక ఏమీ కొనకుండా బయటపడడం మా అన్నయ్య వల్ల అయ్యే పని కాదు అంది ఆర్డిత్. బొటనవేలంత ఊసరవెల్లుల జత ఒకటి కొనుక్కొచ్చాడు. ఆఫ్రికా అడవుల జాతి, ఎంత ఎదిగినా బొటనవేలు దాటవు. ఆ జతకి పిల్లలు పుట్టి, ఇంకో రెండు వచ్చి చేరి, ఇప్పుడు ఎనిమిదయ్యాయి.

అమ్మినమ్మాయి ఒక మాట చెప్పి పంపింది. వీటికి దుకాణంలో దొరికే కీచురాళ్లు మాత్రమే వేస్తే చాలదు, ఆకుల కిందా కుళ్లిన దుంగల్లోనూ ఉండే రకరకాల సన్న పురుగులు కూడా వెయ్యాలి అని. వర్లిన్ ఆ మాటను బైబిల్లో చదివినంత గట్టిగా పట్టుకున్నాడు.

"పోనీ, ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు కదా," అంది ఆర్డిత్ మళ్లీ ముద్ర అందుకుంటూ. "అలా కాదు. ఊరంతా తిరగాలి."

రెండో మంగళవారం కాఫీ అయ్యాక వర్లిన్, మీరూ చూద్దురుగాని రండమ్మా అని ఆవిడను వెంటబెట్టుకెళ్లాడు. రెండిళ్ల అవతలే ఆయన ఇల్లు. ముందు గదిలో సోఫా ఉండాల్సిన చోట ఎనిమిది గాజు పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కో దాంట్లో నాచు, పుల్లలు, ఎండుటాకులు. వర్లిన్ తుంపర సీసాతో నీళ్లు చల్లుతూ, చివరి పెట్టెలోని పిల్లని తప్ప, ఒక్కొక్కరినీ పేరు పేరునా పరిచయం చేశాడు. రోవెనా మొదటి పెట్టె ముందు వంగింది. ఎండుటాకు కనిపించింది. రెండో పెట్టెలో ఇంకో ఎండుటాకు. మూడో దాంట్లో ఏదో కదిలిందనిపించి ముక్కు గాజుకి ఆనించి చూసింది, అదీ ఎండుటాకే.

"చాలా అందంగా ఉన్నాయండీ," అంది జాగ్రత్తగా.

ఇంటికి వచ్చేలోపు ఆవిడ విషయం తేల్చేసింది. ఆ పెట్టెల్లో ఏమీ లేవు. ఈ పెద్దాయన ఎండుటాకులకి పేర్లు పెట్టుకుని పెంచుకుంటున్నాడు, ఆ సంగతి ఆయనతో అనడానికి ఊళ్లో ఒక్కరికీ మనసొప్పలేదు. సొంత చెల్లెలికి కూడా. రోవెనాకీ ఒప్పలేదు. మరో రెండు వారాలకి, ఒక ఎండుటాకు ఒక కన్ను ఆవిడ వైపు, రెండో కన్ను పైకప్పు వైపు తిప్పి, తీరిగ్గా ఆవలించేదాకా ఆవిడ ఆ నమ్మకం మీదే ఉంది. ఊసరవెల్లి అన్న పేరే గాని, వాటికి రంగులు మార్చడం పెద్దగా రాదు. గోధుమరంగులోంచి ఇంకాస్త గోధుమరంగులోకి మారి, అక్కడితో ఊరుకుంటాయి.

ఉన్నాయని నమ్మాక కొత్త చిక్కు వచ్చిపడింది. వర్లిన్ ఒక్కో ఊసరవెల్లికి ఊళ్లోని ఒక్కో మనిషి పేరు పెట్టాడు. మనిషి గురించి చెప్పినా, ఊసరవెల్లి గురించి చెప్పినా ఆయన గొంతులో వెంట్రుకవాసి తేడా ఉండదు. "నిన్న మార్విన్ చర్మం వదిలాడు" అంటాడు. "ఒల్లీ టీచరు ఇవాళ పొద్దున్నుంచీ మార్విన్‌కేసి గుడ్లురిమి చూస్తూ కూర్చుంది" అంటాడు. ఎవరెవరో వినేవాళ్లే తేల్చుకోవాలి.

మే నెలలో ఒక రోజు ఆయన రోవెనా వరండాలో కూర్చుని, బెర్నిస్ మూడు రోజులుగా తిండి ముట్టడం లేదని, కళ్లు మూసుకుని ఒకే చోట కూర్చుంటోందని, నీళ్లు చల్లినా కదలడం లేదని చెప్పాడు. బెర్నిస్ అంటే వంతెన దగ్గర ఒక్కతే ఉండే ఎనభై నాలుగేళ్ల ఆవిడ అని ఆర్డిత్ చెప్పగా రోవెనా వింది. పెద్దావిడ మీద నీళ్లు చల్లడమేమిటని లోపల్లోపల మండిపడుతూ ఆ మధ్యాహ్నమే కోడి సూపు కాచి, గిన్నె పట్టుకుని వెళ్లింది. తలుపు తీసిన బెర్నిస్ చేతిలో వేయించిన పందిమాంసం ముక్క ఉంది. నోట్లో ఇంకోటి ఉంది.

"మీరు మూడు రోజులుగా ఏమీ తినడం లేదని తెలిసి..." అంటూ రోవెనా ఆగిపోయింది.

బెర్నిస్ నిదానంగా నమిలి మింగింది. "నేను కాదమ్మాయ్, ఆ రెండో బెర్నిస్. కడుపుతో ఉంది, గుడ్లు పెట్టేముందు అలాగే తిండి మానేస్తుంది. నాకు ఆ బాధలు తప్పి చాలా కాలమైంది." తరవాత గిన్నె మూత ఎత్తి వాసన చూసింది. "అలాగని సూపు వెనక్కి తీసుకెళ్లకు. లోపలికి రా."

ఇద్దరూ కలిసి సూపు తాగారు, పందిమాంసం తిన్నారు. రోవెనా ఇల్లు చేరేసరికి ఆరయింది. రెండు నెలల్లో ఆవిడ ఇంకొకరితో కూర్చుని భోంచెయ్యడం అదే మొదలు. ఆ సంగతి ఆవిడ గమనించలేదు. వర్లిన్ మీద కోపంతో ఉంది.

ఆ తరవాతి మంగళవారం వర్లిన్, ఎనిమిదో పెట్టెలో ఉన్న పిల్లకి ఇంకా పేరు లేదని, దానికి ఆవిడ పేరు పెట్టానని ప్రకటించాడు. నా పేరెందుకని రోవెనా అడిగింది.

"పగలంతా ఆకు కిందే ఉంటుందమ్మా. బయటికి రాదు," అన్నాడు వర్లిన్. 

అది పొగడ్తో తిట్టో ఆవిడకి తెలియలేదు. పేరుతో పాటు ఒక నియమం కూడా ఉందని అప్పుడే తెలిసింది. ఎవరి పేరున్న ఊసరవెల్లి వాళ్ల పెరట్లో పురుగులే తినాలి. రోవెనా పెరట్లో పురుగుల్లేవు గనక రోవెనా ఆకలితో ఉంది. అయితే బెర్నిస్ పెరట్లోవి వెయ్యమని ఆవిడ సలహా చెప్పింది. ఒకరి కళ్లజోడు ఇంకొకరికి పెట్టమన్నట్టు చూశాడు ఆయన. అలా ఎలా కుదురుతుందమ్మా అన్నాడు. పెట్టెలోని రోవెనా పొట్ట చిక్కుడు గింజలా గుండ్రంగా ఉంది. ఆకలితో ఉన్న ఊసరవెల్లి ఎలా ఉంటుందో తెలియక మనిషి రోవెనా రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. తన పేరున్న ప్రాణి తన గడ్డి వల్ల పస్తులుండడం ఆవిడ భరించలేకపోయింది.

మూడో రోజు మందు కొట్టేవాళ్లకి ఫోన్ చేసి, ఇక రావద్దని చెప్పింది. షెడ్డు వెనక మూలలో ఎండుటాకులు కుప్పపోసి తడుపుతూ ఉండమన్నాడు వర్లిన్, అలాగే చేసింది. పై మంగళవారం ఇద్దరూ కలిసి ఆకులు ఎత్తి చూస్తే, తెల్లటి నలుసుల్లాంటి పురుగులు నాలుగు చటుక్కున గెంతాయి. లాటరీ తగిలినట్టు వర్లిన్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ తరవాతి వారం, ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే బూడిదరంగు పురుగులు కనిపించాయి. జూన్‌లో షెడ్డు వెనక ఒక కుళ్లిన దుంగ కింద చెదలు కూడా దొరికాయి. ఆ దుంగ అక్కడ ఉన్నట్టు ఆవిడకి గుర్తులేదు. పాత యజమాని వదిలేసి ఉంటాడు, తనే చూసి ఉండదనుకుంది. కొవ్వొత్తి మసినీ మంట మసినీ విడదీసిన మనిషి, దుంగ కింద గడ్డి ఇంకా పచ్చగా ఉందన్న సంగతి చూడలేదు. పురుగులు దొరికిన సంతోషం అలాంటిది.

మెల్లగా ఆవిడకీ ఆ పిచ్చి అంటుకుంది. మంగళవారం దాకా ఆగలేక తనే పొదలు కొట్టడం మొదలుపెట్టింది. దానికి గొడుగు కావాల్సి వచ్చి, విప్పని అట్టపెట్టెలు నాలుగు విప్పింది. అయిదో దాంట్లో గ్లెన్ గొడుగు దొరికింది. దాన్ని తిరగేసి పట్టుకుని కాసేపు అలా నిలబడి, తరవాత లైలాక్ పొద దగ్గరికి నడిచింది.

ఒకసారి మాత్రం ముప్పు తప్పింది. జులై మొదట్లో ఒక మధ్యాహ్నం ఆవిడ తను పట్టిన పురుగుల డబ్బా గర్వంగా తెచ్చి వర్లిన్ చేతిలో పెట్టింది. ఆయన మూత తీసి రోవెనా పెట్టెలో వంపబోతూ ఆగిపోయాడు. డబ్బా వెనక్కి లాక్కుని, ఒక నల్లటి పురుగును పట్టి బయటికి తీశాడు. దాని తల దగ్గర ఎర్రటి మచ్చ ఉంది.

"ఇది మిణుగురమ్మా. పగలు వెలగదు గనక తెలియదు. దీన్లో విషం ఉంటుంది, ఒక్కటి మింగినా మన రోవెనా దక్కదు." ఆయన గొంతు గట్టిగా రావడం ఆవిడ వినడం అదే మొదటిసారి. వెంటనే తగ్గిపోయింది. "మీ తప్పేం లేదు. నేనే ముందు చెప్పాల్సింది."

అప్పటినుంచి ఆవిడ ప్రతి పురుగునూ బీమా కాగితం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి గాని డబ్బాలో వేసేది కాదు.

సెప్టెంబరులో వర్లిన్ పిత్తాశయంలో రాళ్లు బయటపడ్డాయి. ఆపరేషన్‌కి కొలంబస్ వెళ్లాలి, అయిదు రోజులు పడుతుంది. బయలుదేరే ముందు ఆయన ఇంటి తాళం, ఎనిమిది పేర్లు రాసిన కాగితం రోవెనా చేతిలో పెట్టి, ఎవరి పెరడు వాళ్లకే, కలపకండమ్మా అని మూడుసార్లు చెప్పాడు. ఆర్డిత్ కారు హారన్ కొడుతుంటే నాలుగోసారి కూడా చెప్పాడు.

కాగితం నిండా సూచనలు ఉన్నాయి. 'మార్విన్: కుడి మోకాలు చూడాలి' అని రాసి ఉంది. రోవెనా భూతద్దం తెచ్చుకుని, బొటనవేలంత మార్విన్‌ను అరచేతిలో పెట్టుకుని అరగంట సేపు కుడి మోకాలు వెతికింది. అతను కోపంతో ఒళ్లంతా సన్నగా అదిరిపోతుంటే, జేబులో ఫోను మోగినట్టు అరచెయ్యి జివ్వుమంది. మోకాలు నిక్షేపంగా ఉంది. 'ఒల్లీ: బల్బు మార్చాలి' అని ఉంది. వెలుగుతున్న బల్బు తీసి కొత్తది పెట్టింది. తరవాత గొడుగు తీసుకుని పురుగుల కోసం మార్విన్ ఇంటికి వెళితే, రిటైరైన మంగలి మార్విన్ కుడి కాలు ఈడ్చుకుంటూ వచ్చి తలుపు తీశాడు. ఒల్లీ టీచరు ఇంట్లో మెట్ల మీద బల్బు కాలిపోయి నాలుగు రోజులైంది. ఎనభై ఏళ్ల ఆవిడ స్టూలెక్కి మార్చబోయి భయపడి మానేసింది. రోవెనా బల్బు మార్చి, కాగితం తీసి మళ్లీ మొదటినుంచి చదువుకుంది. ఏ మాట ఎవరి గురించో ఇప్పుడు మరీ తెలియకుండా పోయింది.

ఇంకో వింత ఏమిటంటే, ఏ ఇంటికి వెళ్లినా ఆవిడను చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వర్లిన్ రాలేదా, సరే నువ్వు కూర్చో అన్నారు. అప్పటికే కాఫీ పెట్టి ఉంది. మార్విన్ మోకాలి కథ గంటసేపు చెప్పాడు. ఒల్లీ టీచరు పియానో వాయించి వినిపించింది. బెర్నిస్ ఊరగాయ సీసా మూత తీయించుకుని, అందులోంచే కొంత పెట్టింది. పురుగుల మాట చివర్లో, ఆవిడ గుమ్మం దిగుతుంటే గాని ఎవరికీ గుర్తురాలేదు. మూడు రోజుల్లో ఏడిళ్లు తిరిగేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. అంత మాట్లాడి చాలా కాలమైంది మరి.

నాలుగో రోజు వాన పట్టుకుంది. వాగు పొంగి వంతెన మీదికి వచ్చింది. ఎక్కడికీ కదలడానికి లేదు, కదిలినా తడిసిన పొదలు కొడితే నీళ్లు తప్ప ఏమీ రాలవు. సాయంత్రానికి ఎనిమిది ఊసరవెల్లులూ పుల్లల చివరికొచ్చి, పదహారు కళ్లతో ఆవిడను పదహారు వైపుల నుంచి చూస్తున్నట్టు అనిపించింది. ఏదైనా బకెట్ దొరుకుతుందేమో, కనీసం నాలుగు ఎండుటాకులైనా తడవకుండా ఉంటాయేమోనని వర్లిన్ ఇంటి వెనక తలుపు గడియ తీసింది. ఆ తలుపు ఆయన ఎప్పుడూ తీయగా ఆవిడ చూడలేదు.

వెనక పెద్ద రేకుల పాక ఉంది. పాక కింద గోడ పొడుగునా కుళ్లిన దుంగలు పేర్చి ఉన్నాయి. ఆవిడ ఒక దుంగ ఎత్తగానే చెదలు కుప్పగా రాలాయి. ఆకుల తొట్లలో చెయ్యి పెడితే ఉండలా చుట్టుకునే పురుగులు గుప్పెడేసి వచ్చాయి. కర్బూజా తొక్కల బకెట్ మూత తీస్తే సన్న ఈగలు పొగలా లేచాయి. ఎనిమిదింటికి కాదు, ఎనిమిది వందల ఊసరవెల్లులకి సరిపడా తిండి అక్కడ ఉంది. ఆయన తన గడప దాటకుండానే వాటిని జీవితాంతం మేపవచ్చు.

పాక చివర ఒక చెక్క మీద ఎనిమిది డబ్బాలు ఉన్నాయి. ఒక్కోదాని మీద చీటీ అంటించి ఉంది. ఆవిడ తన పేరున్నది తీసి చదివింది. 'రోవెనా: సోమవారం పొద్దున, సరుకులకి వెళ్లాక. దుంగ కింద వెయ్యాలి. ఆకులు మళ్లీ కప్పాలి, మరిచిపోవద్దు.'

రోవెనా ఆ చీటీని వేలితో తడిమి, వెలుగులో పట్టుకుని, వెనక్కి తిప్పి చూసింది. ముప్ఫై ఏళ్లలో ఇంత నిదానంగా, ఇంత శుభ్రంగా చేసిన మోసం ఆవిడ చూడలేదు. ఎందుకు చేశాడో మాత్రం ఎంత ఆలోచించినా అందలేదు. ముందు ఎనిమిదింటికీ కడుపునిండా పెట్టింది. మర్నాడు వాన తెరిపివ్వగానే డబ్బా పట్టుకుని, కొలంబస్ నుంచి అప్పుడే తిరిగొచ్చి పోస్టాఫీసు తెరుస్తున్న ఆర్డిత్ ముందు పెట్టింది. ఆపరేషన్ బాగా జరిగిందని, రేపు ఇంటికి తెస్తానని చెప్పి ఆర్డిత్ డబ్బా వైపు చూసింది. అదెక్కడిదని అడగలేదు.

"ఆ ఎనిమిదిళ్లలో ఒక్కో ఇంట్లో ఎంతమంది ఉన్నారండీ?" అంది.

రోవెనా లెక్కపెట్టుకుంది. ఒక్కొక్కరే. తనతో సహా.

"మా అన్నయ్యకి ఊరికే ఒకరి తలుపు తట్టడం చేతకాదు. తట్టినా ఏం మాట్లాడాలో తెలియదు. పురుగులు అడగడం ఒక్కటే వచ్చు," అంది ఆర్డిత్. "ఒకసారి నాతో అన్నాడు. బాగున్నారా అంటే బాగున్నామని తలుపేస్తారు, పురుగులున్నాయా అంటే తలుపెయ్యడానికి వాళ్లకి మాట దొరకదు అని. పెరట్లో ఏమీ దొరక్కపోతే రెండోసారి రావడానికి వంక ఉండదు కాబట్టి ముందే తీసుకెళ్లి వేసి వస్తాడు."

"బెర్నిస్‌కీ, ఒల్లీకీ ఇది తెలుసా?"

"అందరికీ తెలుసు. ఎవరికి వాళ్లు, తమకి ఒక్కరికే తెలుసనుకుంటారు."

శనివారం మధ్యాహ్నం ఆర్డిత్ కారులో వర్లిన్ ఇంటికి చేరాడు. పొట్ట పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా ముందు పెట్టెలన్నీ చూసుకున్నాడు. ఎనిమిది ఎండుటాకులూ క్షేమంగా ఉన్నాయి. అప్పుడు రోవెనా వైపు తిరిగాడు.

"ఎవరి పెరడు వాళ్లకే పెట్టారా అమ్మా?"

"మూడు రోజులు పెట్టానండీ. తరవాత వాన వచ్చింది."

"మరి వానలో?"

"మీ పెరట్లోవి వేశాను."

వర్లిన్ తుంపర సీసా అందుకుని, అప్పటికే తడిగా ఉన్న నాచు మీద మళ్లీ నీళ్లు చల్లాడు. ఆయన ఊసరవెల్లులకి రంగులు మార్చడం రాకపోయినా ఆయనకి బాగానే వచ్చు. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తరవాత మెడ.

"డబ్బాలు కూడా చూశారా?"

"చూశాను."

"చీటీలు?"

"చదివానండీ. చదవడమే కదా నా ఉద్యోగం."

ఆయన సీసాను బెర్నిస్ పెట్టె పక్కన పెట్టేశాడు. "అయితే ఇంక మంగళవారాలు రానక్కర్లేదేమో," అన్నాడు.

రోవెనా ముప్ఫై ఏళ్లలో కొన్ని వేల దొంగ క్లెయిములు తిరగ్గొట్టింది. తెలిసి తెలిసి ఒకదాన్ని ఒప్పుకోవడం ఎలాగో ఆవిడకి అలవాటు లేదు. అందుకని కాస్త కటువుగానే వచ్చింది మాట.

"రావాలి. కాకపోతే చెదలు మాత్రం వెయ్యకండి. నా వరండా మొత్తం చెక్కది."

"అవి రాణి లేని చెదలమ్మా, నాలుగు రోజుల్లో వాటంతటవే పోతాయి. నేను చూసే వేశాను," అన్నాడు వర్లిన్ కంగారుగా.

"అయినా సరే, వద్దు."

"మరేం వెయ్యమంటారు?"

రోవెనా ఆలోచించింది. "ఆ ఉండలా చుట్టుకునేవి ఓ గుప్పెడు. తెల్లగా గెంతేవి కాసిని. సోమవారం నేను పదకొండు దాటితే గాని ఇంటికి రాను, మీకు కొత్తగా కుట్లు పడ్డాయి కదా, తొందరపడకుండా నిదానంగా వెయ్యండి."

వర్లిన్ చెవి మీదున్న పెన్సిల్ తీసి, రాసుకోవడానికి కాగితం కోసం జేబులు వెతుక్కున్నాడు.